ఆయమ్మ ఫ్రెంచి

ఆయమ్మ పోయిన సంగతి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది.

"అమ్మ పోయి పదకొండు దినాలైంది అక్కా. నీ నంబరు గోడ మీద బొగ్గుతోని రాపిచ్చి పెట్టుకున్నది. ఇయ్యాల ఇల్లు కడుగుతుంటే కనవడ్డది."

ఏమైందని అడిగాను. ఏమీ కాలేదట. పొద్దున చాయ్ తాగి, వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే పక్కకు ఒరిగిందట. ఫోన్ పెట్టేశాక వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. గిన్నెలు తోముతూ ఫోన్ ఎత్తానేమో, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. తెలియకుండానే రెండు మూడు సార్లు చప్పట్లు కొట్టాను. తడి చేతుల చప్పట్లు గట్టిగా మోగవు. పక్కనున్న మనిషికి మాత్రమే వినిపిస్తాయి. ఆమె నాకు ఫ్రెంచి నేర్పింది ఆ చప్పుడుతోనే.

ఆఫీసులో ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఊడ్చి తుడిచే ఆడవాళ్ళందరినీ ఆయమ్మా అనే పిలిచేవాళ్ళం. తర్వాత పేరు తెలుసుకుని ఒకసారి పిలిచాను. "గట్ల పిలిస్తే నన్ను కాదనుకుంట. ఆయా అను, పల్కుత" అంది. అందుకే ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు.

అప్పుడు మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద భవనం కొత్తగా లేచింది. దాని చుట్టూ ఇంకా బండలే. మధ్యాహ్నం పూట బండలు పేల్చేవాళ్ళు. ముందు ఈల, తర్వాత ధన్‌మని చప్పుడు. అద్దాలు అదిరేవి. కంప్యూటర్ల ముందున్న మేం ఒక్కసారి తలెత్తి మళ్ళీ దించేసేవాళ్ళం. ఆ భవనంలో చోటు దొరకని చిన్న కంపెనీ మాది, పక్క రోడ్డులో మూడంతస్తుల ఇంట్లో ఉండేది. నాది తణుకు. చదువు అయిపోయి వచ్చి, మూసాపేటలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కిరాయి గదిలో ఉంటూ రెండు బస్సులు మారి వచ్చేదాన్ని. ఫ్రాన్సులోని ఒక బీమా కంపెనీ ప్రోగ్రాముల్లో తేదీలు రెండువేల సంవత్సరం రాగానే తారుమారు కాకుండా సరిచేయడం మా పని. ఆ ప్రోగ్రాముల మధ్య రాసిన వివరణలన్నీ ఫ్రెంచిలో ఉండేవి. వాళ్ళతో ఫోన్లో కూడా మాట్లాడాలన్నారు. మా ఆరుగురికీ వారానికి రెండుసార్లు పాఠం చెప్పడానికి పాండిచ్చేరిలో చదువుకున్న ఒక ముసలి మాస్టారిని పెట్టారు.

ఆయన పట్టుదల మనిషి. "మూడు నెలల దాకా అర్థం అడక్కండి. ముందు నోరు తిరగాలి. మాటని ఎక్కడ విరవాలో తెలిస్తే సగం భాష వచ్చినట్టే" అనేవారు. హల్లు ఎప్పుడూ తన తర్వాత వచ్చే అచ్చుతోనే పోతుంది, మన తెలుగులోలాగే. రెండు హల్లులు పక్కపక్కన ఉంటే ఒకటి ఇటు, ఒకటి అటు: మెర్-సీ, పార్-తీర్. రెండోది లకారమో రకారమో అయితే విడదీయకూడదు: తా-బ్లో. మాట చివరి హల్లు రాస్తారు గాని చాలాసార్లు పలకరు. పలకని ఆ హల్లే, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే లేచి దానితో కలుస్తుంది. ముక్కుతో పలికే అచ్చులకు మేం తెలుగులో అరసున్న పెట్టి రాసుకునేవాళ్ళం. చిన్నప్పుడు బళ్ళో దేనికీ పనికిరాదనుకున్న అరసున్న అక్కడ పనికొచ్చింది.

నాకు నోరు తిరిగేది కాదు. భోజనం కాగానే మేడ మీదకు వెళ్ళే మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే వల్లించేదాన్ని. ఒకరోజు "ఈ రోజు" అనే అర్థం వచ్చే మాటతో కుస్తీ పడుతున్నాను. "ఆ-జోర్డ్-హుయి, ఆ-జోర్డ్-హుయి" అంటున్నాను. కింది మెట్టు తుడుస్తున్న ఆవిడ తల ఎత్తకుండానే అంది:

"ఓ. జూర్. దుయి."

తుడిచే గుడ్డ చంకలో ఇరికించుకుని ఒక్కో ముక్కకు ఒక్కో చప్పట కొట్టింది. మూడు చప్పట్లు. అప్పుడే ఆమెను సరిగ్గా చూశాను. నెరిసిన జుట్టు ముడి, కాంట్రాక్టరు ఇచ్చిన నీలం కోటు, కాళ్ళకు వెండి కడియాలు.

"మీకు ఫ్రెంచి వచ్చా అమ్మా?"

"నాకేం వస్తది బిడ్డా? అఆలే రావు. నువ్వు గా మాటను గొడ్డును కోసినట్టు కోస్తున్నవ్, చెవులు మండి అన్న."

పైనుంచి ఎవరో దిగి వచ్చారు. ఆమె వెంటనే వంగి, "జర పక్కకు జరుగుండ్రి, నీళ్ళున్నయి" అంది, నన్ను ఎన్నడూ చూడనట్టు. మూడో మనిషి ఉంటే ఆమె నోట ఒక్క ఫ్రెంచి ముక్క రాదు. నాకు తెలిసినంతకాలం అంతే.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆ మెట్ల మీదే. ఆమె కథ ఒకేసారి చెప్పలేదు. చెప్పిందంతా కలుపుకుంటే ఇంత: బంజారాహిల్స్‌లో ఒక ఫ్రెంచి కుటుంబం ఉండేది. ఆయన ఏదో కార్ఖానాలో యంత్రాలు బిగించడానికి వచ్చాడు. వాళ్ళకు ఇక్కడే కొడుకు పుట్టాడు, రెమీ. పుట్టిన నాటి నుంచి ఆరో ఏడు దాకా వాణ్ణి ఈమె పెంచింది. తల్లికి తెలుగూ రాదు, ఇంగ్లీషూ అంతంతే. కొడుకుతో, ఈమెతో ఒకే భాష. పిల్లవాడికి మాటలు నేర్పడానికి తల్లి చప్పట్లు కొడుతూ విడగొట్టి చెప్పేదట. పిల్లవాడు కొట్టేవాడు, పక్కన కూర్చుని ఈమె కూడా కొట్టేది. "పా-పి-యోఁ" అని మూడు చప్పట్లు కొట్టి, రెండు చేతులు కలిపి రెక్కల్లా ఆడించి చూపించింది నాకు, సీతాకోకచిలుక అని చెప్పడానికి. మాటకు మాట అర్థం చెప్పడం ఆమెకు వచ్చేది కాదు. చేసి చూపించేది. జ్వరం అంటే నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. పరిగెత్తకు అంటే నా చెంగు పట్టుకుని లాగింది.

నాకు అస్సలు పట్టుబడనిది రకారం. అది నాలుకతో కాదు, గొంతులో పుట్టాలి. "గరీబ్ అను. తురకోళ్ళు అన్నట్టు అను. ఆ, గదే, గా గొంతులకెళ్ళి తియ్యి" అనేది. మా మాస్టారు నెల రోజులు చెప్పినా రానిది ఆ ఒక్క ఉర్దూ మాట మొదటి గకారంతో వచ్చింది. ముక్కు అచ్చులకు నా ముక్కు పట్టుకునేది, బ్లీచింగ్ పౌడరు వాసన వేసే వేళ్ళతో.

ఆమె ఫ్రెంచి ఆరేళ్ళ పిల్లవాడి దగ్గర ఆగిపోయిన ఫ్రెంచి. చెంచా, పాలు, చందమామ, చెప్పులు వేసుకో, ఏడవకు. ఒకసారి ఆమె నేర్పిన వాక్యం నేను క్లాసులో అంటే మాస్టారు పగలబడి నవ్వారు. "ఎక్కడిదమ్మా ఇది? పళ్ళు రాని పిల్లల్ని ముద్దు చేసేటప్పుడు అనే మాట. కాని ఉచ్చారణ!" అని కళ్ళజోడు తీసి నా వంక చూశారు. ఎవరు నేర్పారో చెప్పలేదు. చెప్పొద్దని ఆమె ముందే అంది.

ఒక్క మాట మాత్రం అననిచ్చేది కాదు. సెలవు తీసుకునేటప్పుడు అనే మాట. నేను గొప్పగా అనబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "గది వద్దు. బేగంపేట ఏర్‌పోర్టుల ఇన్న. సాలు."

ఒక సోమవారం ఆమె పాల పాకెట్టు కవరులో మడిచిన కాగితం తెచ్చింది.

"మేడం రాసింది, రెమీ తల్లి. సదివి పెడ్తవా?"

నాలుగు మడతలు. మడతల దగ్గర చిరుగులు. నీలం సిరాతో వాలుగా కలిపి రాసిన అక్షరాలు. ఎప్పుడొచ్చిందంటే తొమ్మిదేళ్ళయిందని చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చదివించుకోలేదని అడిగాను.

"సదివేటోళ్ళు దొర్కలే."

"కాని నాకు అర్థం తెలీదు కదమ్మా. పలకడమే, అదీ అంతంతమాత్రం."

"నీకెందుకు అర్థం? నువ్వు పల్కు. నేనింట."

కాగితం మీద పెన్సిల్ గీత కూడా పెట్టనివ్వలేదు. రెండు రోజుల భోజనం వేళలు కూర్చుని ఆ ఉత్తరాన్ని నా నోటుబుక్కులో తెలుగు లిపిలో దించుకున్నాను. ప్రతి మాటనూ విరిచి, మధ్య గీతలు పెట్టి, పలకని హల్లుల్ని వదిలి, అరసున్నలు పెట్టి. నా బల్ల మీద ఇంత లావు నిఘంటువు ఉంది. ఒక్కసారి తీసి చూడలేదు. అప్పుడు నాకది పలకడంలో పెట్టిన పరీక్ష. తప్పు లేకుండా చదివి ఆమె చేత శభాష్ అనిపించుకోవాలి, అంతే.

మూడో రోజు చదివాను. ఆమె బకెట్టు పక్కన పెట్టి, నాకంటే ఒక మెట్టు కింద కూర్చుంది. చప్పట్లకు సిద్ధంగా చేతులు ఎత్తి పెట్టుకుంది.

"షేర్ ఆ-యా."

నవ్వింది. రెండు చప్పట్లు కొట్టింది ఆ పేరుకు.

"రె-మీ-ఏ-మోర్ట్."

"ఏంది? మల్లను."

"రెమీ ఏ మోర్ట్."

"గా కడపటి మాట నాకెర్కలే బిడ్డా. జర మంచిగ జూడు."

కాగితం చూశాను. నా తప్పు దొరికింది. "అయ్యో, చివరి టకారం పలకకూడదు కదా!" అని నాలుక కరుచుకున్నాను. నాలుగు వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ, గొంతులోంచి రకారం చక్కగా తీసి, నవ్వుతూ చెప్పాను:

"రె. మీ. ఏ. మోర్."

ఆమె చేతులు ఒళ్ళోకి దిగాయి. బయట ఈల వేశారు. బండ పేలింది. కిటికీ అద్దం కొంచెంసేపు వణికి ఆగింది.

"సదువు" అంది.

చదివాను. ఒక పేజీ నిండా ఉంది. చప్పట్లు లేవు. బాగా చదువుతున్నానని, అందుకే దిద్దడం లేదని అనుకున్నాను. చివరికి వచ్చేసరికి ఒకచోట, "ఇల్ ద-మాఁ-దే, ఆఁ-కోర్..." అంటుంటే ఆపింది.

"ఇడిగా అనకు. కలిపి అను. దమాఁదే-తాఁకోర్. మేడం గట్లనే కల్పుతది."

నిజమే. తర్వాతి మాట అచ్చుతో మొదలైంది. ముందు మాట చివర పలకని తకారం లేచి వచ్చి కలవాలి. కలిపి చదివాను: "ఇల్ దమాఁదే-తాఁకోర్ లా బూ-వా."

"మల్లొక్కసారి."

చదివాను.

"ఇంకోసారి."

మూడోసారి చదివాక చెయ్యి చాచింది. కాగితం ఇచ్చాను. మడతలు పాత గీతల మీదే పడేలా మడిచి కవరులో పెట్టుకుంది.

"ఏం రాశారమ్మా?"

"ఏముంటయ్ బిడ్డా, ముచ్చట్లే." లేచింది. "మంచిగ సదివినవ్. మీ సారుకు చెప్పు, పోరి మంచిగ నేర్సుకున్నదని."

ఎప్పటిలాగే పై మెట్టు నుంచి కిందికి తుడుచుకుంటూ పోయింది. నేను పొంగిపోతూ వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ నెలాఖరుకు కాంట్రాక్టరు మారాడు. కొత్త మనుషులు వచ్చారు. ఆమె కనిపించలేదు. రెండుమూడు రోజులు వెతికాను, తర్వాత పనిలో పడిపోయాను. ఇది దాచకుండా చెప్పాలి.

మాస్టారు అర్థాలు మొదలుపెట్టాక ఒకరోజు రాకపోకల క్రియలు చెబుతున్నారు. వచ్చాడు, వెళ్ళాడు, ఎక్కాడు, దిగాడు, పుట్టాడు. బల్ల మీద సుద్దముక్కతో కొడుతూ, "చివరిది, చనిపోయాడు. ఇల్ ఏ మోర్. చివరి టకారం పలకకూడదు, జాగ్రత్త" అన్నారు. అందరూ ఒక్కగొంతుతో అన్నారు. నాకు నోరు రాలేదు. ఇంగ్లీషులో శవాలుంచే గదికి వాడే మాటలోనూ అదే ఉంది, అది నాకు ఎన్నాళ్ళ నుంచో తెలుసు. ఆ రోజు మెట్ల మీద ఎందుకు తట్టలేదు? నాకు వినిపించింది నాలుగు ముక్కలు మాత్రమే. వేళ్ళు ముడుస్తూ, నవ్వుతూ చెప్పాను.

గదికి వెళ్ళి నోటుబుక్కు తీశాను. ఆఫీసు నుంచి తెచ్చిన నిఘంటువు పక్కన పెట్టుకుని, పలుకును బట్టి అక్షరాలు ఊహించి వెతుకుతూ రెండు రోజులు కూర్చుంటే ఉత్తరమంతా తెలిసింది. పదకొండేళ్ళ పిల్లవాడు. మెదడుకు సోకిన జ్వరం. పన్నెండు రోజులు. చివర్లో ఎవరినీ గుర్తు పట్టలేదు. ఒక్క మాట మాత్రం దొరకలేదు. చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు అని ఉంది. ఏం అడిగాడో ఆ మాట నిఘంటువులో లేదు. విరుపు మార్చి మార్చి పైకి చదువుతుంటే పక్కమంచం మీది స్నేహితురాలు విసుక్కుంది.

"ఏంటే, ఇందాకట్నుంచీ బువ్వ బువ్వ అంటావు? ఆకలేస్తే లేచి తిను."

పుస్తకం మూసేశాను.

ఆదివారం ఖాజాగూడ వెళ్ళాను. ఆమె అక్కడే ఉంటుందని మాత్రమే తెలుసు. చెరువు దగ్గర వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ, పెద్ద బండల పక్కన రేకుల ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి, "రా బిడ్డా, ఇల్లెట్ల దొర్కింది?" అంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. నాకు తెలీదమ్మా, నాకు తెలీదు అంటూనే ఉన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నీకు ఎర్కలేదని నాకెర్కే. అందుకే నీతోని సదివిచ్చుకున్న."

నేను తలెత్తాను.

"అంతకుముందు మూడు ఉత్తరాలొచ్చినయి. అన్నిట్ల పోరని ఫోటో ఉన్నది. గీ దాంట్ల లేదు. ఫోటో లేకుంట ఎందుకు రాస్తది చెప్పు? కవరు చింపంగనే మల్ల మడ్చి దాసిన. సదువుకున్నోళ్ళు ఉన్నరు, ఎందుకు లేరు. గని ఎర్క ఉన్నోళ్ళు నడుమల ఆగుతరు. నా మొకం జూస్తరు. అయ్యో పాపమంటరు. గా మాట వాళ్ళ నోట్లకెళ్ళి నాకొద్దు. మేడం నాకు చెప్పింది, మేడం చెప్పినట్టే ఇనాలె. నువ్వు ఉత్త గొంతు ఇచ్చినవ్ బిడ్డా. మేడమే మెట్ల మీద కూసోని చెప్పినట్టు ఇన్న."

తర్వాత ఆమె లోపలికి వెళ్ళి ఉత్తరం వచ్చిన కవరు తెచ్చింది. దాని వెనక తల్లి చిరునామా ఉంది.

"మేడంకు ఒక్క మాట రాస్తవా?"

నా సంచీలో కాగితం ఉంది. తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. ఆమె చెప్పింది, మెల్లగా, విడగొట్టి, నాకు రాసుకోవడం సులువయ్యేలా:

"ఎస్. కి. లా. మాఁ. జే?"

ఈసారి వింటుండగానే అర్థమైంది. తిన్నాడా?

"ఇంతేనా అమ్మా? ఇంకేం రాయొద్దా?"

"ఇంకేమున్నది? బువ్వ అడిగిండని రాసింది. పెట్టిన్రో లేదో రాయలే. తొమ్మిదేండ్లు నాకు ఎర్కలేకుండె. ఇప్పుడు ఎర్కైంది. గిదొక్కటి చెప్పమను."

ఆ ఒక్క వాక్యమే, సరైన అక్షరాలతో, పలకని హల్లులన్నీ ఉంచి రాశాను. కింద ఆయా అని సంతకం నేనే పెట్టాను. సోమవారం పోస్టులో వేశాను. జవాబుకు మా ఆఫీసు చిరునామా ఇచ్చాను.

జవాబు రాలేదు. నెలకోసారి ఖాజాగూడ వెళ్ళేదాన్ని. "ఏమన్న వచ్చిందా?" అని రెండుసార్లు అడిగింది. రాలేదన్నాను. మూడోసారి వెళ్ళేసరికి వానాకాలం. ఆమె జ్వరంతో మంచంలో ఉంది. దవాఖానకు తీసుకుపోతే సూదులు వేసి పంపారని కూతురు చెప్పింది. పెదవులు పగిలి ఉన్నాయి. నేను పక్కన కూర్చోగానే కళ్ళు తెరిచి, పెదవులు మాత్రమే కదిపి అడిగింది.

"వచ్చిందమ్మా" అన్నాను.

ఎలా అన్నానో నాకు తెలీదు. ఆ ముఖం చూసి ఇంకో మాట అనలేకపోయాను.

"ఏది, సదువు."

"కాగితం ఆఫీసులో ఉండిపోయింది. నాకు నోటికి వచ్చు."

"అయితే అను."

గొంతు సవరించుకున్నాను. ఇన్ని నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క వాక్యంలో పెట్టాను. విరవాల్సిన చోట విరిచాను, కలపాల్సిన చోట కలిపాను.

"వీ. ఇ-లా-మాఁ-జే."

అవును. తిన్నాడు.

కళ్ళు మూసుకుని వింది. ఇంకోసారి అనమని వేలు ఎత్తింది. అన్నాను. రేకుల మీద వాన పడుతోంది. ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. జ్వరంతో కాలిపోతున్న చెయ్యి.

"మంచిగ పల్కినవ్ బిడ్డా. ఒక్క తప్పు లేదు."

గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ జ్వరం తగ్గింది. తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. నాకు పెళ్ళయ్యాక కూడా ఆ ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా పెట్టె తెరిచి పాత ఫోటోలు, ఉత్తరాలు మంచం మీద పరిచి చూపించేది. మేడం రాసిన జవాబు ఎక్కడ పెట్టావు, తెచ్చి ఇవ్వు, దీంట్లో పెట్టుకుంటా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.